పదహారో నంబరు

బరంపురం కొట్లో రెండు పెట్టెలు బల్ల మీద పెట్టారు.
ఒకటి చేత్తో పట్టుకునేది. నీళ్లలో పడితే తేలుతుందట.
"మడిసి మునిగాక పెట్టి తేలితే ఏటి లాబం?"
అన్నాడు జగ్గులు బావ.
రెండోది పడవకి బిగించేది. ఇరవై అయిదు వాట్లు.
కొట్టతను ధర ఒడియాలో చెప్పి, తగ్గింపు తెలుగులో ఇచ్చాడు.
రెండు వల ముక్కల డబ్బు అక్కడే పోయింది.

సోనాపురం ఇసకలో పడవ ఓ పక్కకి ఒరిగి
ఎండకి రంగు పొక్కులు లేస్తోంది.
ఇచ్ఛాపురం నుంచి డిల్లేసు వచ్చాడు,
నోట్లో స్క్రూలు, చెవి మీద పెన్సిలు.
పెట్టెని దిక్సూచి పక్కన ఆనించాడో లేదో
ఉత్తరం మెడ తిప్పి పెట్టె వైపు చూసింది.
"స్పీకర్లో అయస్కాంతం ఉంది మావా."
జానెడు జరిపాడు. ఇంకో జానెడు. మూరెడు.
అప్పుడు గాని ఉత్తరం తన ఊరు వెళ్లలేదు.

ఎర్ర తీగ, నల్ల తీగ, మధ్యలో గోరంత ఫ్యూజు.
అన్నిటికన్నా మొండిది యాంటెన్నా తీగ:
పైన రాగి జడ, లోపల ఒంటి నరం.
జడలో ఒక్క వెంట్రుక ఆ నరానికి తగిలిందా,
పెట్టె బతికే ఉంటుంది, మాట బయటికి రాదు.
వాడు ఊపిరి బిగబట్టి సీసం కరిగిస్తుంటే
గాలి తగలకుండా నా లుంగీ అడ్డం పట్టాను.
బావ నవ్వాడు. నేను నవ్వలేదు.

వెదురు ఎంత ఎత్తుండాలి?
"సూపు ఎంతో మాట అంతే మావా.
యాంటెన్నాకి ఒడ్డు కనపడాల."
ఇది మాకు చెప్పాలా!
సరుగుడు తోపు మునిగితే ఇంత దూరం,
కొండ నడుం మునిగితే ఇంత,
అని కొలిచిన మా అయ్య దగ్గర టేపు లేదు.
ఇంకో మూర పెంచమన్నాను.

ఆ మూర ఎందుకో డిల్లేసుకి చెప్పలేదు.
మా పారయ్య చిన్నాన్న ఆ రాత్రి
ఒడ్డు దీపాలు కనపడేంత దగ్గర్లోనే అరిచాడట.
కూడా ఉన్నోడు ఈదుకొచ్చి చెప్పాడు.
ఒడ్డున ఊరంతా నిలబడే ఉన్నాం.
గాలి కొండ వైపు నుంచి వీస్తోంది.
అరుపుని తిరిగి ఆయన నోట్లోకే తోసింది.

తర్వాత పేరు గొడవ.
మా రేవులో గంగమ్మ తల్లులు తొమ్మిది.
"గంగమ్మా అని పిలిస్తే తొమ్మిది పడవలూ పలుకుతాయి"
అంది మా సుకాంతి. దానికి బడి ఒడియా, ఇల్లు తెలుగు.
పెట్టె కింద ప్లాస్టరు ముక్క అతికించి
పైన ఒడియాలో, కింద తెలుగులో రాసింది.
రెండూ గుండ్రాలే. నాకు రెండూ రావు.
"ఏటి రాసేవే?"
"చింతగింజ."
"అదేం పేరు?"
"ఇంకెవరూ పెట్టుకోరు కదా."

పదహారులో కబుర్లు కూడదట.
వాకిట్లో పిలిచి పెరట్లో మాట్లాడుకున్నట్టు
పిలుపు పదహారులో, మాట ఇంకో నంబరులో.
మీట నొక్కాను. నాలుక ఎండిపోయింది.
ఏ భాషలో పిలవాలి?
రెండు రాష్ట్రాల గీత నీళ్ల మీద ఎక్కడుందో
ఏ చేపా నాకు చెప్పలేదు.
"చింతగింజ... చింతగింజ. వినపడతందా?"
మీట వదలడం మరిచిపోయాను.
డిల్లేసు నా బొటనవేలు లేపాడు.
బుసలోంచి ఒక గొంతు, వెనకాల ఇంజను దగ్గు:
"వినపడతందిరా బాబూ! ఎవుడా చింతగింజ?"
కవిటి వైపు పడవ ఏదో. పేరు చెప్పేలోగా పోయింది.

బుసని ఆపడానికి ఒక చిన్న మర ఉంది.
బుస ఎక్కడ ఆగితే అక్కడే వదిలెయ్యాలి,
ఇంకా తిప్పితే దూరపు సన్నగొంతులు
పెట్టెదాకా వచ్చి, లోపలికి రాలేక పోతాయి
అని చూపించి, డబ్బు లెక్కపెట్టుకుని వెళ్లాడు.

వాడు వెళ్లాక ఆ మరని
వెనక్కి ఒక గోరు తిప్పాను.
అందుకే వేటలో రాత్రంతా అది బుసకొడుతూనే ఉంటుంది.
"సెవులు పోతన్నాయి, ఆపరా దాన్ని"
అంటాడు బావ, దుప్పటి ముసుగులోంచి.
ఉండనీ అంటాను.